ముందు భాగం

"ఆ పేపరు తియ్యండి. నేనింకా చదవలేదు."

"చేపల కింద పరిచే పేపరుకి చదువెందుకు ప్రభా?" అన్నాడు రాజబాబు, పండుగప్ప ముక్కల్ని దాని మీదికి దొర్లిస్తూ. "మెయిన్ పేపరు నీకోసం అట్టే పెట్టాను. ఇది జిల్లా ఎడిషను. చావు ఫొటోలూ టెండర్లూ తప్ప ఏముంటాయి ఇందులో?"

"అవే చదువుతాను."

"బీయే పాసై చావు ఫొటోలు చూసుకుంటానంటే నేనేం చెప్పను!"

ప్రభావతి ముక్కల్ని గిన్నెలోకి ఎత్తి, తడిసిన పేపర్ని స్టవ్ పక్కన ఆరబెట్టింది. ఆరాక నిలబడే చదివింది. ఒక చోట రెండుసార్లు చదివింది.

"ఏవండీ, మన స్థలం ముందు రోడ్డు గురించి నోటీసు వేశారు. ఒకసారి చూడండి."

"వంద అడుగులు చేస్తున్నారు, అంతేగా? పేపరోడికంటే ముందే తెలుసు నాకు."

వెడల్పు రోడ్ల మీద షాపులూ కాంప్లెక్సులూ కట్టేవాళ్ళకి నిబంధనలు సడలిస్తూ జీవో వచ్చినప్పటి నుంచీ అతనికి వేరే మాట లేదు. పోర్టు వస్తోందని బందరులో అందరికీ తెలుసు. తన కోసమే వస్తోందని మాత్రం రాజబాబు ఒక్కడికే తెలుసు.

చిక్కల్లా ఒకటే. పెడన వెళ్ళే రోడ్డు మీద తండ్రి పంచిచ్చిన స్థలంలో, అరవై అడుగుల లోతున్న ముందు భాగం తమ్ముడు హనోకుది. పక్క సందులోంచి తిరిగి వెళ్ళాల్సిన వెనక భాగం రాజబాబుది. హనోకు పోయి మూడేళ్ళయింది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ కూతురు బ్లెస్సీని చదివించుకుంటున్న అతని భార్య కల్పనకి ఆస్తంటూ ఉంటే ఆ ముందు భాగమే.

"ఆ పిల్లకున్నది అదొక్కటే. దాన్నీ వదలరా?" అంది ప్రభావతి.

"నేనేమన్నా ఊరికే లాక్కుంటున్నానా? జాగాకి జాగా ఇస్తున్నా. నలభై అడుగుల రోడ్డు వందవుతుంది. ఎదురుగా కాలువ గట్టంతా గవర్నమెంటుదేగా, అటు కలుపుకుంటారు. మనవైపు ఒక్క ఇటుక కదలదు. మనమేమన్నా ధనుంజయరావులమా?"

పెడనలో కలంకారీ అద్దకం చేసే ధనుంజయరావుకి, బట్టలు ఆరేసుకునే దొడ్డి ఇంకో రోడ్డు విస్తరణలో పోయింది. డబ్బుకి బదులు, ఎవరికైనా అమ్ముకోమని బాండు కాగితం ఇచ్చారు. రెండేళ్ళయినా దాన్ని కొనేవాడు దొరకలేదు. "ఫ్రేము కట్టించి గోడకి తగిలించవయ్యా, అందంగా ఉంటుంది" అని రాజబాబు కనబడినప్పుడల్లా అతనికి సలహా ఇస్తుంటాడు.

ప్రభావతి వేయించిన ముక్కల్ని అరిటాకులో పెట్టి, పైన ఆ పేపరే చుట్టింది.

"ఎలాగూ కల్పన దగ్గరికేగా వెళ్తున్నారు. ఇది ఇచ్చేయండి."

"ఇంట్లో స్టీలు బాక్సులు కరువయ్యాయా?"

"బాక్సు తిరిగి తెమ్మంటే మర్చిపోతారు."

కల్పన పొట్లం అందుకుని కుర్చీ వేసింది.

"ఆ ఖాళీ స్థలంలో రేపు ఇల్లేసుకున్నా, లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆడపిల్లని పెట్టుకుని ఎలా ఉంటావమ్మా?" అన్నాడు రాజబాబు, ఎంతో కుమిలిపోతున్నట్టు. "దుమ్మూ, హారన్లూ! వెనకైతే చల్లగా, గుట్టుగా ఉంటుంది. తమ్ముడుంటే ఇదే చెప్పేవాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా నాదే."

ఆలోచించుకుని ఆదివారం చెబుతానంది కల్పన.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆగి, "సరే బావగారూ. కానీ ఇంకోసారి ఆలోచించుకోండి. మీకు ముందు భాగమే కావాలా?" అంది.

బేరం పెంచుతోందనుకున్నాడు రాజబాబు. "బ్లెస్సీ ఈ ఏడాది కాలేజీ ఫీజు కూడా నేనే కడతానమ్మా. సరేనా?"

"అది కాదండీ. ఆఫీసుకెళ్ళి ఆ రోడ్డు ప్లాను ఒకసారి చూసొస్తే..."

"ప్లానా? ప్లానంతా ఇక్కడుంది!" అని కణత మీద వేలితో కొట్టుకున్నాడు.

రెండు వారాల్లో మార్పిడి దస్తావేజు రిజిస్టరైంది. ఆ మరుసటి ఆదివారం, మామూలుగానే, కల్పన, బ్లెస్సీ చర్చి నుంచి వీళ్ళింటికి భోజనానికి వచ్చారు. రాజబాబు ప్రార్థన చేశాడు.

"ప్రభువా, మా ముందున్న దారిని విశాలం చేసినందుకు నీకు స్తోత్రం!"

విశాలమైన దారి నాశనానికే తీసుకెళ్తుందని బైబిల్లో ఉన్న మాట సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. ప్రభావతి అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

"కింద బ్యాంకు, మెడికల్ షాపు. పైన ఫంక్షన్ హాలు," అని ప్రకటించాడు రాజబాబు, అన్నం కలుపుతూ. "రేపే శంకుస్థాపన. పాస్టరుగారికి కూడా చెప్పేశాను."

"మేమూ ఒకటి అనుకున్నాం బావగారూ," అంది కల్పన. "మా భాగంలో నాలుగు షాపులు కట్టిద్దామని. ఒకదాంట్లో బ్లెస్సీ జిరాక్స్ సెంటరు పెట్టుకుంటుందట."

రాజబాబుకి నవ్వుతో పొలమారింది. నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"మా కాంప్లెక్సు వెనక, ఆ సందులో షాపులా? ఎవరొస్తారమ్మా, పిల్లులా?"

ప్రభావతి తొందరేం లేకుండా అతని కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

"ఆ రోజు మీరు తెచ్చిన పొట్లం పేపర్లోనే ఉందండీ," అంది కల్పన. "కాలువ గట్టు జోలికి వెళ్ళరట. అంతా మనవైపే తీసుకుంటారట."

"అయితే?"

"రోడ్డు మా గుమ్మం దాకా వస్తోంది, బావగారూ."