గడియారం లేని రిహార్సల్

"మీరు లోపలికి రాకూడదు మేడమ్."

తలుపుకి అడ్డంగా నిలబడి ఆ మాట అన్నది ఇంకెవరైనా అయితే గడియారం అక్కడికక్కడే దులిపేసేది. కానీ అన్నది సొంత పిన్ని కొడుకు. నిన్నటిదాకా ఇంట్లోనూ ఆఫీసులోనూ "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరిగినవాడు. వాడి నోట "మేడమ్" అని వినగానే ఆమెకి ముందు నవ్వొచ్చింది. వాడు మాత్రం నవ్వలేదు.

గడియారం ఆమె అసలు పేరు కాదులెండి. పని కాస్త ఆలస్యమైతే చాలు, మనిషిని నిలబెట్టి వాయించేస్తుందని ఆసుపత్రి సిబ్బంది చాటుగా పెట్టుకున్న పేరు. పాత భవనంలోని వార్డులన్నిటినీ రోడ్డవతలి కొత్త భవనంలోకి మార్చే ప్రాజెక్టుకి ఆమే మేనేజరు. రేపు రోగులతో అసలు తరలింపు. ఇవాళ ఖాళీ మంచాలతో రిహార్సల్.

"ఏంట్రా ఈ వేషాలు? తప్పుకో. లిఫ్టుల దగ్గర ఎవరున్నారు?"

"ఉన్నారు మేడమ్. ఇవాళ ఇన్‌చార్జిని నేను. పెద్ద డాక్టరుగారి ఆర్డరు."

"ఎందుకట?"

"చెప్పకూడదు మేడమ్."

వాడి భుజం మీదుగా లోపలికి చూసింది. గోడ మీద తను గుచ్చిన రంగు పిన్నుల చార్టు. కింద తన కుర్చీ. తన వాకీటాకీ వాడి నడుముకి వేలాడుతోంది. రోజూ తనతో టీ తాగే హెడ్ నర్సు ఆమెను చూసి కూడా చూడనట్టు అటు తిరిగిపోయింది. పోయిన నెల ఆమె వల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్న స్టోరుకీపరైతే ఏకంగా పళ్ళికిలించాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. వీడికా తను నేర్పింది! ఆదివారాలు భోజనాల బల్ల మీద గ్లాసులూ గరిటెలూ పేర్చి మరీ చెప్పింది. పని మొదలెట్టేముందు అది ఎవరికి, ఎందుకు కావాలో అడగాలిరా అంది. పెద్ద పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒక్కో మనిషికి అప్పజెప్పాలంది. ఎక్కడ చెడుతుందో ముందే ఊహించాలంది. రిహార్సల్ రోజున చేతికి ఏదొచ్చినా నిజమనే నడుచుకోవాలి, ఆటగా తీసుకుంటే అసలు రోజున కొంప మునుగుతుందని పదే పదే నూరిపోసింది. ఆ అన్నం తిని, ఆ చదువు చదివి, చివరికి తన కుర్చీకే ఎసరు పెట్టాడు.

"ఒరేయ్, నీకీ ఉద్యోగం ఎవరు వేయించారో గుర్తుందా?"

"మీరే మేడమ్."

"పని నేర్పిందెవరు?"

"మీరే."

"మరి రేపు పేరొచ్చే వేళకి నన్ను గెంటేయడానికి సిగ్గనిపించట్లేదూ?"

ఇంతలో వాకీటాకీ గురగురలాడింది. రెండో లిఫ్టు ఆగిపోయిందట. ఆమె చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్ళింది. వాడు ఒక అడుగు వెనక్కి వేసి, "మంచాలన్నీ ర్యాంపు మీదుగా దించండి. మందుల బండ్లు పక్కకి పెట్టి ముందు దారివ్వండి" అన్నాడు.

అక్షరం పొల్లుపోకుండా ఆమె చెప్పబోయిందే. అది ఇంకా గుచ్చుకుంది.

గేటు దగ్గరి వాచ్‌మన్ని అడిగి ఒక తెల్ల కాగితం తీసుకుంది. అతని బల్ల మీదే గబగబా రాజీనామా రాసి, తిరిగొచ్చి వాడి ఛాతీకేసి కొట్టింది. "ఇదిగో, ఈ ఆసుపత్రిని నువ్వే ఏలుకో! సంతకం పెట్టి పైకి పంపించుకో!"

వాడు కాగితం చదివాడు. ఆమె మొహంలోకి చూశాడు.

"నిజంగానే ఇస్తున్నారా మేడమ్?"

"నిజంగానేరా, విశ్వాసం లేని వెధవా!"

మధ్యాహ్నమంతా క్యాంటీన్లో ఓ మూల కూర్చుని ఏడ్చింది. ముందున్న టీ చల్లారి తొరక కట్టింది. బయట మంచాల చక్రాల చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఎక్కడా ఆగకుండా.

సాయంత్రం క్యాంటీన్ తలుపు తోసుకుని అందరూ చప్పట్లు కొడుతూ లోపలికొచ్చారు. ముందు పెద్ద డాక్టరుగారు.

"శభాషమ్మా! ఒక్క మంచం కూడా ఆగలేదు."

ఆమె తల తిప్పుకుంది. "నాకెందుకండీ చెబుతారు? ఇన్‌చార్జికి చెప్పుకోండి."

"ఇంకా తెలియలేదా? ఇది నీ పరీక్షేనమ్మా! పని ఒక్క మనిషి మీద ఆగిపోకూడదు, ఆగుతుందో లేదో తెలియాలంటే ఆ మనిషిని చెప్పాపెట్టకుండా తప్పించి చూడాలని నువ్వేగా అన్నావు? పోయిన నెల స్టోరుకీపర్ని నువ్వు అలాగే ఇంటికి పంపేస్తే పాపం ఉద్యోగం పోయిందనుకుని ఏడ్చాడు. మేడమ్‌కీ ఆ పరీక్ష పెడదామండీ అన్నది అతనే."

స్టోరుకీపరు మళ్ళీ పళ్ళికిలించాడు. ఈసారి ఆమెకీ నవ్వాగలేదు. హెడ్ నర్సు వచ్చి గట్టిగా వాటేసుకుంది. "నీ మొహం చూస్తే చెప్పేస్తానని అటు తిరిగిపోయానే" అంది.

పొద్దుటి నుంచీ గుండెల మీద ఉన్న బండ ఒక్కసారిగా దిగిపోయింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, గుంపు వెనకాల నిలబడ్డ తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెవి పట్టుకుంది.

"ప్రాణం తీశావు కదరా వెధవా! చాల్లే, ఇంక అక్కా అని పిలువు. ఏదీ ఆ కాగితం, ఇలా ఇయ్యి, చింపేస్తాను."

వాడు మెల్లగా చెవి విడిపించుకున్నాడు.

"రిహార్సల్లో ఏదొచ్చినా నిజమనే నడుచుకోమని మీరే నేర్పారు కదా. ఇన్‌చార్జిగా సంతకం పెట్టి మధ్యాహ్నమే యాజమాన్యానికి పంపేశాను. వాళ్ళు ఒప్పుకుని మీ ఉద్యోగం నాకే ఇచ్చారు మేడమ్."