మేఘాల సీను

"నిన్న వచ్చింది పొగ కాదురా. టీ కప్పు మీద ఆవిరి!"

దర్శకురాలు తమ్ముడి మీద విరుచుకుపడింది. మధ్యాహ్నం ఆటకి ఇంకా గంట టైముంది. ఆవిడ మాత్రం పొద్దున్నుంచీ కాలు గాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది.

తిరగదూ మరి! నాటకం మొత్తానికి ఆ ఒక్క సీనే ప్రాణం. చనిపోయిన తల్లి మేఘాల్లోంచి నడుచుకుంటూ కొడుకు దగ్గరికి వస్తుంది. నిన్న ఆ మేఘాలు కాలి మడమల దగ్గరే ఆగిపోయాయి. జనం ఘొల్లున నవ్వారు. ఈరోజు హాలు కమిటీ వాళ్ళు ముందు వరసలో కూర్చుంటున్నారు. మళ్ళీ నవ్వులపాలైతే వచ్చే ఏడాది హాలు ఇవ్వరు. హాలు లేకపోతే పదకొండేళ్ళ నాటక సంఘానికి మంగళం పాడాల్సిందే.

"నా తప్పేం లేదక్కా. డ్రై ఐస్ వేడినీళ్ళలో పడితేనే కదా పొగ! నీళ్ళు చల్లారిపోతే నేనేం చెయ్యను? స్టేజీ కింద డ్రమ్ముకి ఒక్క హీటరు చాలట్లేదు."

"అయితే ఇంకోటి పెట్టు."

"ఒకే ప్లగ్గుకి రెండా?"

"ఒక్క సీనుకేగా! మీ బావేమో నీకు పని చేతకాదని ఒకటే పోరు. నా పరువు కాపాడరా నాయనా."

తమ్ముడు గొణుక్కుంటూనే రెండో హీటరు తగిలించాడు. ఐసు పెట్టెని మాత్రం ఎప్పట్లాగే పెరట్లో, వ్యానులోనే ఉంచాడు. మూసిన గదిలో పెడితే దాని గాలి పేరుకుని ఊపిరాడదు. సీనుకి ఐదు నిమిషాల ముందు తెచ్చి, డ్రమ్ములో వేసి, బయటపడటం అతని పద్ధతి.

ఆ నాటకంలో కొడుకు వేషం దర్శకురాలి భర్తది. తల్లి వేషం అత్తగారిది. మేకప్ గదిలో ఆవిడ గోల ఆవిడది.

"నీ తమ్ముడి పొగలో నడిస్తే కాళ్ళు కొయ్యబారిపోతున్నాయే తల్లీ! రెండు జతల మేజోళ్ళు వేసుకున్నా అదే చలి."

"ఇవాళ్టికి ఓర్చుకోండి అత్తయ్యా. ఏం జరిగినా సీను మధ్యలో మాత్రం ఆగొద్దు. కమిటీ వాళ్ళు చూస్తుంటారు."

"ఆగనులేవే. నేను చచ్చినదాన్ని కదా, నాకింక భయమేంటి!"

ఆట మొదలైంది. దర్శకురాలు హాలు చివర, లైట్లాయన పక్కన కుర్చీ అంచు మీద కూర్చుంది. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. తీస్తోంది, పెడుతోంది.

"అమ్మా, ఆ టకటక ఆపండి. నా చెయ్యి తప్పుతోంది," అని లైట్లాయన విసుక్కున్నాడు.

మేఘాల సీను రానే వచ్చింది. నీలం లైటు పడింది. అత్తగారు ఒక పక్క, భర్త ఒక పక్క నిలబడ్డారు. మేఘాల జాడే లేదు. పది సెకన్లు. ఇరవై. ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. దర్శకురాలు లైట్లాయన వైపు తిరిగింది.

"వీడి దుంపతెగ! మళ్ళీ ముంచేశాడండీ."

అంతలో స్టేజీ చెక్కల సందుల్లోంచి పొగ మొదలైంది. ముందు సన్నగా, తర్వాత చిక్కగా. అత్తగారి మోకాళ్ళు దాటింది, నడుము దాటింది, తెరల పైదాకా లేచింది.

"అబ్బో!" అన్నాడు లైట్లాయన. "పొగంటే ఇదండీ!"

కమిటీ పెద్దాయన దగ్గుతూనే చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది. దర్శకురాలికి కళ్ళు చెమర్చాయి. వెధవ, ఇంత పనితనం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడు! ఇంటికెళ్ళాక మా ఆయన మొహం చూడాలి. ఇంకోసారి తమ్ముణ్ణి అనమనండి!

అత్తగారు కూడా ఈరోజు రెచ్చిపోయింది. చలికి వణకడం లేదు సరికదా, మొహమంతా చెమట. రెండడుగులు వేసి గొంతు పట్టుకుంది. కొడుకు వైపు చేతులు చాచింది. మాట పెగల్లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ మొహంలో అంత భయం ఎప్పుడూ పలకలేదు. అయినా సీను వదల్లేదు.

"మా అత్తగారండీ!" అంది దర్శకురాలు గర్వంగా.

చప్పట్ల హోరులో వెనకనుంచి ఎవరో ఆమె భుజం కుదిపారు. తిరిగి చూస్తే తమ్ముడు. ఒళ్ళంతా చెమట, ఆయాసం. శభాష్ అనబోయింది. వాడు అననివ్వలేదు.

"అక్కా, పెరటి తలుపుకి ఎవరో లోపల గడియ పెట్టేశారు, చుట్టూ తిరిగొచ్చేసరికి ఆలస్యమైపోయింది, సీను రెండు నిమిషాలు ఆపించు, ఐసు పెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది!"