సూదా? గొట్టమా?

ఆసుపత్రి కుర్చీలను మూడేసి చొప్పున ఒకే ఇనుప కడ్డీకి బిగించాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో గానీ, ఒకరు దగ్గితే ముగ్గురూ ఊగాలి.

మూడో కుర్చీలో ముసలాయన దగ్గాడు. బ్యాంకు మేనేజరు శ్యామసుందర్, ఆయన భార్య నాగేశ్వరి ఊగారు.

"ఈ ముసలాడు మనక్కూడా అంటించేలా ఉన్నాడు. ఇటు జరుగు," అన్నాడు శ్యామసుందర్ తెలుగులో.

కోల్‌కతాలో తెలుగు మాట్లాడితే తలుపేసుకుని మాట్లాడినట్టేనని ఆయన నమ్మకం.

శ్యామసుందర్ ఊపిరితిత్తిలో ఉసిరికాయంత మచ్చ ఉంది. అదేమిటో తేలాలంటే చిన్న ముక్క తీయాలి. వీపులోంచి సూదితో తీయొచ్చు, ముక్కులోంచి గొట్టం పంపి తీయొచ్చు.

"బయాప్సీ మీద అపార్ట్‌మెంట్ గ్రూపులో ఓటింగు పెట్టాను. సూదికి పదకొండు, గొట్టానికి తొమ్మిది," అన్నాడు భార్యతో.

"మా అన్నయ్య హోమియో అన్నాడు," అంటూ నాగేశ్వరి ఏడ్చేసింది.

"ఏడవకు. అది ఒక్క ఓటే."

"గొట్టానికి మూడు వారాలు ఆగాలిట. ఈలోపు మీకేమన్నా అయితే?"

ముసలాయన ఇటు వంగాడు.

"దాదా," అన్నాడు హిందీలో, "నాకు సూదే గుచ్చారు. ఊపిరితిత్తిలోంచి గాలి లీకై మధ్యలో ఆపేశారు, ఇప్పుడు గొట్టానికొచ్చాను. అందరికీ అలా అవదు. 'మీ నాన్నకైతే ఏది చేస్తారు?' అని డాక్టరునే అడగండి."

బయాప్సీ అన్న మాట పట్టేశాడు కాబోలు అనుకున్నాడు శ్యామసుందర్.

డాక్టరును అడగాలని గ్రూపులో ఒక్కరికీ తోచలేదు మరి. అడిగితే డాక్టరు స్కాన్ మళ్లీ చూశాడు.

"గొట్టమే. మచ్చ శ్వాసనాళాన్ని ఆనుకునే ఉంది."

బయటికొచ్చేసరికి మూడో కుర్చీ ఖాళీ. అక్కడ ఆయనకు తెలిసిన ఒక్క తెలుగు మనిషి, నర్సు జూలీ ఎదురొచ్చింది.

"ఏటీ తినలేదు కదా సార్?"

"రక్తపరీక్షకని పరగడుపునే వచ్చాను."

"అయితే రండి, గొట్టం పరీక్ష ఇవాళే సేసేస్తారు. డాక్టరుగారు కూడా సరే అన్నారు. ఒకాయన తన వంతు మీకిచ్చేసి, మూడు వారాల తరవాతకి రాయించుకున్నారు."

"ఎవరమ్మా?"

"మీ పక్కన కూకున్నారే, రేవుకాడ వాట్‌గంజ్‌లో ఉంటారు, ఎలీయాజరు తాత. 'ఆ అమ్మ ఏడస్తంది, ముందు ఆళ్లకి సెయ్యండి' అన్నారు."

"పాపం! ఎక్కడివాడు, బీహారా?"

"బీహారేటండీ! మనోళ్లే, భీమిలి. తెలుగొచ్చని మీకు సెప్పొద్దన్నారు, మీరు సిగ్గుపడతారంట. ఏటో, నోరు జారేసాను."

ఇవాళ గొట్టం. ఒళ్లు కుదుటపడగానే వాట్‌గంజ్ వెళ్లక తప్పదు.

పాఠకులారా, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి: ఆ ముసలాయన గుమ్మంలో నిలబడి శ్యామసుందర్ ఏ భాషలో మొదలుపెట్టాలి?