ఇంజనీరొస్తే ఆగే వణుకు

"టర్బైను ఇంకోసారి వణికిందంటే నీ ఉద్యోగం ఊడుద్ది" అన్నాడు వీరభద్రరావు.

ఫిట్టరు క్రీస్తుదాసు తల వంచుకున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు అతనిది.

బాపులపాడు దగ్గర ఊక కాల్చి కరెంటు తీసే ప్లాంటుకి వీరభద్రరావు మేనేజరు. లోకంలో తనకు తప్ప ఎవరికీ పని రాదని ఆయన నమ్మకం. ఏప్రిల్ నుంచీ టర్బైను వణుకుతోంది. వణుకు హద్దు దాటితే మిషను దానంతటదే ఆగిపోతోంది.

హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. చెన్నై నుంచి ఇంకొకడు వచ్చాడు. వాళ్ళు వచ్చేసరికి టర్బైను బుద్ధిగా తిరిగేది. వెళ్ళిన వారానికి మళ్ళీ వణికేది.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. మీటరే తప్పు చూపిస్తోందని పోయాడు ఆ చెన్నైవాడు" అని వీరభద్రరావు అందరి ముందూ వెక్కిరించేవాడు.

అయినా మర్యాదకు లోటు చేసే మనిషి కాదు. ఇంజనీరు బయల్దేరాడని ఫోను రాగానే టర్బైను హాల్లో అడ్డమైనవన్నీ తీయించి కడిగించేవాడు. పోయేటప్పుడు కార్లో రెండు బుట్టల చిన్న రసాల మామిడిపళ్ళు పెట్టించేవాడు. "నూజివీడు కాయండీ. కార్బైడు ముట్టలేదు. ఒట్టి వెచ్చదనానికి మాగింది" అని చెప్పి మరీ ఇచ్చేవాడు.

మూడో ఇంజనీరు వినీల. గురువారం రావాల్సిన మనిషి ఫోనైనా చెయ్యకుండా బుధవారం పొద్దున్నే దిగింది.

"నిన్న హనుమాన్ జంక్షన్‌లో వేరే పని ఉండి వచ్చానండీ. అటునుంచి అటే వచ్చేశాను" అంది.

మీసాలున్న ఇద్దరి వల్ల కానిది ఈ పిల్ల ఏం ఊడబొడుస్తుందిలే అనుకున్నాడు వీరభద్రరావు.

ఒక ఇంజనీరు ఎదుట టర్బైను వణకడం అదే మొదలు. వినీల మీటరు చూసింది. టర్బైనుని మోసే ముందువైపు బేరింగు పీఠం మీద చెయ్యి ఆనించింది.

"వేడెక్కితే టర్బైను సాగుతుందండీ. అప్పుడు ఈ పీఠం గోరంత జరగాలి. జరగట్లేదు. వెనకాల ఏదో అడ్డుపడింది."

"ఇంకేముంది, వీడే ఏ ఇనుప ముక్కో వదిలేసుంటాడు" అని క్రీస్తుదాసుని చూపించాడు వీరభద్రరావు. "రిపోర్టులో రాయండమ్మా. ఆ అడ్డం పెట్టినవాడెవడైనా సరే, ఈ పూటే ఇంటికి పంపాలని రాయండి."

వినీల రాసుకుంది.

టర్బైను ఆపారు. పీఠం వెనక గోనెపట్టా వేలాడుతోంది.

"తియ్యమంటారా సార్?" అన్నాడు క్రీస్తుదాసు.

"తియ్యమనేగా చెప్తున్నాను" అన్నాడు వీరభద్రరావు, వినీల రాసే రిపోర్టు మీంచి చూపు తిప్పకుండానే.

క్రీస్తుదాసు పట్టా లాగేసరికి, పీఠానికీ గోడకీ మధ్య బిగుతుగా ఇరికించిన చెక్కబల్ల, దాని మీద వరిగడ్డిలో వెచ్చగా మాగుతున్న చిన్న రసాలు, వాటి మధ్య వీరభద్రరావు స్వహస్తాలతో రాసి నిలబెట్టిన అట్టముక్క కనిపించాయి: "మేనేజరుగారి పళ్ళు. కదిపినవాడి ఉద్యోగం ఊడుద్ది."