వంకరగా పాతిన కాలు

"వేళ్ళు మడతవడ్డయే మొగిలీ! జర సాపు చెయ్యి!"

మొగిలమ్మ అలవాటుకొద్దీ దుప్పటి మీదికి చెయ్యి చాచి, గతుక్కుమని వెనక్కి తీసుకుంది. మొగుడి కుడి కాలు ఉండాల్సిన చోట దుప్పటి పరుపుకు అంటుకుపోయి ఉంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఎండాకాలం అది. వడ్ల బస్తాల బండి ఎక్కి నుజ్జయిన కొమురెల్లి కుడి కాలు కుళ్ళుతోందని, వరంగల్‌లో ఒక చిన్న దవాఖాన డాక్టరు మోకాలి కింద నుంచి తీసేశాడు. ప్రాణం దక్కిందని అందరూ దండాలు పెట్టుకున్నారు. దక్కిన ప్రాణం నిలిచేట్టు లేదిప్పుడు. కొమురెల్లికి తిండి లేదు, నిద్ర లేదు. కట్టు మార్చబోతే చేతులు విసిరికొడతాడు. పుండు చీము పడితే మనిషి దక్కడని డాక్టరు చెప్పినప్పటి నుంచి మొగిలమ్మకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

"లేని కాలు నొచ్చుడు మామూలేనమ్మా," అంది నర్సు రాహేలు. "అదే దినం కాలు తీసిన ఆ మూల మంచం దేవదానంకు గూడ గిట్లనే ఉన్నది. నరాలకు ఇంకా తెల్వదు."

"నరాలు కాదు సిస్టరమ్మా, నా బామ్మర్ది!" కొమురెల్లి పళ్ళు కొరికాడు. "నా కాలును వంకరగ బొందవెట్టిండు. నాకు ఎరుకయితలేదా?"

తీసేసిన కాలును మనిషిని పాతినట్టే పాతడం వాళ్ళ ఆనవాయితీ. దవాఖానవాళ్ళు ఇచ్చిన మూటను విప్పి చూడకూడదు, చూస్తే కీడంటారు. మొగిలమ్మ తమ్ముడు పోశయ్య ఆ మూటను రైల్లో ఒళ్ళో పెట్టుకుని నెక్కొండ తీసుకుపోయి, బావ చెలకలోనే పాతి వచ్చాడు.

మొగిలమ్మ తమ్ముణ్ణి వరండాలోకి లాగింది. "సక్కగనే వెట్టినవారా?"

"మూటను మూట లెక్కనే వెట్టినక్కా. లోపట ఎట్లున్నదో నాకేమెరుక?"

"పో. తవ్వి, విప్పి, సాపు చేసి రా. కీడొస్తే నాకు రానియ్యి. మీ బావ బతకాలె."

కోడిని కోస్తుంటేనే మొహం తిప్పుకునే పిరికివాడు పోశయ్య. అయినా పొద్దుటి రైలుకు పోయాడు. మొగిలమ్మ రోజంతా గేటు వైపే చూస్తూ కూర్చుంది. వీడు సగం దారిలోనే తిరిగొస్తే? ఏ కుక్కలో ముందే తోడేసి ఉంటే?

సాయంత్రం పోశయ్య వచ్చాడు. గోళ్ళ నిండా మట్టి. అక్క మొహం చూడలేదు.

"సాపు చేసినవారా?" మంచం మీది నుంచే కొమురెల్లి అడిగాడు.

"చేసిన బావా. వేళ్ళు నిజంగనే మడతవడ్డయి. ఒక్కొక్కటి గుంజి సాపు చేసిన."

కొమురెల్లి కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చాడు. "అబ్బ... ఇప్పుడు సల్లవడ్డది."

ఆ పూట గిన్నెడు జావ తాగాడు. గొణగకుండా కట్టు మార్చనిచ్చాడు. రాహేలు నమ్మలేక మళ్ళీ మళ్ళీ చూసింది. అతను గురక పెడుతుంటే మొగిలమ్మకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

పోశయ్య బయట నల్లా దగ్గర చేతులు కడిగిందే కడుగుతున్నాడు.

"నిజం చెప్పు," అంది మొగిలమ్మ. "తవ్వనే లేదు గదా?"

"నీ మీద ఒట్టు, తవ్వినక్కా."

"మరెందుకురా నా మొహం సూస్తలేవు? బావ బతికిండు!"

పోశయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ మూటల ఉన్నది ఎడమ కాలక్కా."