బిషప్‌గారి ముద్ర

ఉన్న రాణిని తప్పించి రాజుగారికి రెండో పెళ్ళి చేసి తీరతానని పంతం పట్టిన బిషప్ ఒడార్డ్, ఆ పంతం తీరకుండానే పోయాడు. రేపు ఖననం. ఈ రాత్రి చర్చిలో శవపేటిక దగ్గర కాపలా ఆయన లేఖకుడు ఫుల్క్‌ది. చచ్చినవాడి పేరుతో ఇక ఎవరూ ముద్ర వేయకుండా, ఆచారం ప్రకారం ఆ ముద్రని సుత్తితో రెండు ముక్కలు చేసి, ఆయన గుప్పిట్లో పెట్టి, పేటికకి మేకులు కొట్టింది కూడా ఫుల్కే.

ఎక్కడో ఎలుక గీకుతోంది.

రాణిగారి ముసలి దాది ఎర్మా ఒక ఉత్తరం పట్టుకుని రొప్పుతూ వచ్చింది. "పీడ విరగడైందని ఇవాళే కడుపునిండా తిన్నాం గదయ్యా! మరి ఇదేంటి? ఇప్పుడే మా తలుపు కింద పడుంది!"

ఉత్తరంలో రెండే ముక్కలు. రాణి పెళ్ళి చెల్లదు, ఆమె కొడుకు రాజు కాడు. కింద బిషప్ ముద్ర.

"ఎవడో దొంగముద్ర వేశాడమ్మా. అసలుది నా చేత్తోనే పగలగొట్టాను," అంటూ ఫుల్క్ దాన్ని కొవ్వొత్తి దగ్గరికి పట్టాడు. మైనం ఇంకా వెచ్చగా వేలికి అంటుకుంది. ముద్ర నడిమధ్యన వంకర గీత. తన సుత్తి దెబ్బకి విరిగిన వంకరే.

"మధ్యలో ఆ గీతేంటయ్యా?"

ఫుల్క్ పేటిక వైపు తిరిగాడు. మేకులు కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. గీకుడు మాత్రం లోపల్నుంచే వస్తోంది. అది ఎలుక కాదు. ఇరవై ఏళ్ళు బిషప్ పక్కన కూర్చున్నవాడికి ఆ కలం చప్పుడు తెలియకపోదు.

ఆయన ఇంకో ఉత్తరం మొదలుపెట్టాడు.