తడి కాగితం

రాతిబొమ్మల మీద తడి కాగితం పరిచి అచ్చులు తీయడం నా పని. ఆ రోజు వెళ్లిన పాత గుడి మండపంలో చివరి స్తంభం మీది బొమ్మకు మొహమే చెక్కలేదు. అలాంటి శిల్పికి ఉలి ఎవడిచ్చాడో. దాని మీదా కాగితం అద్దాను.

"ఆ బొమ్మకొద్దు సార్. ఊపిరాడదు పాపం," అన్నాడు కాపలావాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ముక్కే లేదు, ఊపిరెక్కడిది?"

చీకటి పడ్డాక, ఆరిన కాగితాలు ఒక్కొక్కటే ఊడదీశాను. గాలి లేదు. చివరి స్తంభం దగ్గర మాత్రం చిన్న టపటప. టార్చి వేశాను. ముక్కుండాల్సిన చోట కాగితం లోపలికి పోతోంది, మళ్లీ బయటికి ఉబ్బుతోంది.

పాత రాయి, పగుళ్లుంటాయనుకుని విసుగ్గా లాగేశాను. వెనక రాయి నున్నగా ఉంది. ఒక్క పగులూ లేదు.

నా చేతిలో కాగితం మాత్రం ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంది.